హెడ్‌ఫోను పటము – చెవి తీర్పు

పూర్వము శిష్యుఁడు గురువునెదుటఁ గూర్చుండి సంగీతము నేర్చెడివాఁడు. నేఁడు దూరదేశములలోని తెలుఁగు బాలురు పలువురు గురువుగారి పాటను హెడ్‌ఫోనులలోనే విని నేర్చుకొనుచున్నారు. ఆ పరికరము గురుకంఠమును మార్చి వినిపించినచో శిష్యుని చెవి చిన్ననాఁడే తప్పుదారిఁ బట్టును. కావున కొనువారు దాని కొలతల పటమును జూచుట మంచిదే. కాని గీఁత తిన్నగా నున్నచో పరికరము మంచిదనియు, మిట్టపల్లములున్నచో చెడ్డదనియుఁ బలువురు తలఁచుచున్నారు. అది సరికాదు.

మొదట పటమనఁగా నేమో తెలిసికొందము. అడుగున నెడమనుండి కుడికి, సెకనుకు 20 కంపనములు మొదలు 20,000 కంపనముల వఱకు గుర్తులుండును. తక్కువ కంపనములు మంద్రము, ఎక్కువ కంపనములు తారము. 100కును 200కును నడుమ నెంత యెడమో, 1,000కిని 2,000కును నడుమ నంతే యెడము. సంగీతజ్ఞుల కిది వింతగాదు. షడ్జమునుండి పైషడ్జమునకుఁ గంపనములు రెట్టింపగుట వారెఱిఁగినదే. నిలువు గుర్తులు డెసిబెలులు. అవి ధ్వని బలమును దెలుపును. అన్ని కంపనములకును సమానమగు విద్యుత్తు నిచ్చినపుడు పరికరము దేనిని బిగ్గఱగాఁ, దేనిని మెల్లగాఁ బలికించునో గీఁత చెప్పును.

ఇఁక నసలు సంగతి. చెవిగూటిలోఁ గట్టువడిన యాకాశమే శ్రోత్రేంద్రియమని మన తార్కికులు చెప్పిరి. ఆకాశము మాట యటుంచి, చెవిగూటి యాకారము వినికిడిని మార్చుననుట నేఁటి ప్రయోగములకును సమ్మతమే. చెవిరంధ్రము ఇంచుమించు 25 మిల్లీమీటర్ల గొట్టము. దాని లోపలికొన కర్ణభేరితో మూయఁబడినది. ఎదుటివాఁడు మాటలాడునపుడు ఈ గొట్టమును, బయటి చెవి డొప్పయును గలిసి 3,000 కంపనముల దాపున ధ్వనిని 10 డెసిబెలులకుఁ బైగా బలపఱచును. పుట్టినది మొదలు మనమట్లే వినుచున్నాము గనుక అదియే మనకు సహజము. హెడ్‌ఫోను చెవిని మూసియో, రంధ్రములోఁ జొచ్చియో యీ క్రమమును మార్చును. అందుచేఁ గృత్రిమకర్ణములోఁ గర్ణభేరి యుండవలసినచోటఁ గొలిచినపుడు, మంచి హెడ్‌ఫోను గీఁతలో 3,000 దాపున గుట్ట యుండియే తీఱవలెను. అక్కడ గీఁత చదునైనచో కంఠము తెరవెనుకనుండి వచ్చినట్లు మందగించును.

అయినను కొన్ని పటములలో మంచి పరికరముల గీఁత చదునుగానే యుండును. కారణమేమన, కొలిచినవారు ఒక లక్ష్యరేఖను ముందే తీసివేసి మిగిలిన భేదమును మాత్రమే అందుఁ జూపుదురు. లక్ష్యరేఖయు నొక్కటి కాదు. అన్ని దిక్కులనుండి సమముగా వచ్చు ధ్వనియే ఆదర్శమని 1986లో గుంటర్ థైలె వాదించెను. హర్మన్ సంస్థకుఁ జెందిన షాన్ ఓలివ్, టాడ్ వెల్టి మొదలగువారు శ్రోతలను బరీక్షించి, గదిలోని మంచి లౌడుస్పీకరువలె వినఁబడునదియే యెక్కువమందికి నచ్చుచున్నదని 2013లోఁ బ్రకటించిరి. ఇది పెక్కుమంది రుచి, శాసనము గాదు. వేఱువేఱు కృత్రిమకర్ణములతోఁ గొలిచిన పటములను ప్రక్కప్రక్కనఁ బెట్టి తీర్పు చెప్పరాదు.

గీఁతలో నే భాగమును నమ్మవలెను? 8,000 కంపనములకుఁ బైనుండు సన్నని మొనలను జూచి బెదరఁబనిలేదు. పరికరమును గొంచెము జరిపినను అవి మాఱును, మనిషి మనిషికిని మాఱును. మంద్రభాగము మెత్త చెవిచుట్టు నంటుకొనుటపై నాధారపడును; కండ్లజోడు కాడ సందు చేసినచో పటములోని మంద్రము మీకు వినఁబడదు. సన్నని లోతు గుంటకంటె, ఒక స్థాయి పొడవునఁ బఱచుకొన్న 3 డెసిబెలుల మిట్టయే చెవికి స్పష్టముగాఁ దెలియును. 200 దాపున నట్టి మిట్టయున్నచో తంబురనాదము కంఠమును గప్పును. 6,000 మొదలు 8,000 వఱకున్నచో శషసలు చెవిని గ్రుచ్చును. గీఁత మొత్తము పైకో క్రిందికో జరిగినచో అది బిగ్గఱతనపు భేదమే, ఆకారము మాఱలేదు.

కావునఁ బటము చూచినపుడు రెండు ప్రశ్నలు వేయుఁడు. ఏ చెవితోఁ గొలిచిరి? దేనితోఁ బోల్చిరి? సమాధానము దొరకని పటముతోఁ బనిలేదు. దొరికినచో రెండు మూఁడు పరికరములను ఎన్నుకొని, మీరెఱిఁగిన కంఠమును వానిలో సమానమైన బిగ్గఱతో వినుఁడు; లేనిచో బిగ్గఱగా మ్రోఁగునదియే మేలైనదిగాఁ దోఁచును. పటము కొనఁదగనివానిని దొలఁగించును. మిగిలినవానిలోఁ గొనవలసినదానిని నిర్ణయించునది మీ చెవియే.