ప్రింటరు పలకకపోతే పాడైనట్లు కాదు

తెల్లవారితే పరీక్ష. హాల్‌టికెట్టు ఫోనులోనే ఉంది. ఇంట్లో ప్రింటరూ ఉంది. కానీ అది వైఫైకి అందదు. జిరాక్సు షాపులు మూసేసిన ఆ వేళలో ఇంటిల్లిపాదీ ప్రింటరు చుట్టూ చేరడం మామూలైపోయింది.

2020లో కరోనా వచ్చి చదువులు, ఉద్యోగాలు ఇంటి నుంచే సాగినప్పుడు వైర్‌లెస్ ప్రింటర్లు కొన్నవారున్నారు. అవి మొరాయిస్తే మెకానిక్కుకు కబురు పెడుతున్నారు. కొందరు కొత్తది కొనడానికీ సిద్ధపడుతున్నారు. చాలాసార్లు ఆ ఖర్చు అనవసరం. యంత్రంలో లోపం ఉండదు, లంకె మాత్రమే తెగి ఉంటుంది.

ఇంట్లో కంప్యూటరుకు, ప్రింటరుకు మధ్య రౌటరు పెళ్లిళ్ల పేరయ్య వంటిది. కబురు ఏదైనా దాని ద్వారానే చేరాలి.

కొత్త రౌటరు, పాత పాస్‌వర్డు

ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకున్నా, పాస్‌వర్డు మార్చినా ఫోన్లలో కొత్తది కొడతారు. ప్రింటరును మరచిపోతారు. అది పాత పేరు కోసమే వెతుకుతూ ఉంటుంది. ప్రింటరు తెరపై వైర్‌లెస్ సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త పేరు ఎంచుకుని, పాస్‌వర్డు కొట్టాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు తేడా ఉంటుంది. తెర లేని ప్రింటరైతే తయారీ కంపెనీ యాప్‌ను ఫోనులో వేసుకుని ఈ పని చేయవచ్చు.

గోడలు దాటేది 2.4

నేటి రౌటర్లు చాలావరకు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు దారుల్లో సంకేతాలు పంపుతాయి. 5కు వేగం ఎక్కువ, కానీ గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. 2.4 నెమ్మదైనా దూరం పోతుంది. ఇళ్లలో వాడే చాలా ప్రింటర్లకు తెలిసింది ఈ 2.4 ఒక్కటే. రౌటరులో అది ఆపేసి ఉంటే ప్రింటరుకు వైఫై పేరే కనిపించదు. దాన్ని తిరిగి ఆన్ చేయాలి. రెండు దారులకూ ఒకే పేరుంటే, కలిపేటప్పుడు వేర్వేరు పేర్లు పెట్టుకోవడం మేలు.

కరెంటు పోయి వచ్చాక

నిన్నటిదాకా పనిచేసిన ప్రింటరు కరెంటు పోయి వచ్చాక ‘ఆఫ్‌లైన్’ అని చూపుతుంది. రౌటరు ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇస్తుంది. తిరిగి వెలిగినప్పుడు ఆ నంబరు మారవచ్చు. కంప్యూటరు మాత్రం పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంది.

ఇందుకు మూడింటినీ ఆపాలి. ముందు రౌటరు వేసి, దీపాలు నిలకడగా వెలిగేదాకా ఆగాలి. తర్వాత ప్రింటరు, చివర కంప్యూటరు వేయాలి. అప్పటికీ కుదరకపోతే కంప్యూటరు జాబితాలోంచి ప్రింటరును తీసేసి మళ్లీ చేర్చాలి. తరచూ ఇదే జరుగుతుంటే రౌటరు సెట్టింగుల్లో ప్రింటరుకు ఒక నంబరును శాశ్వతంగా కేటాయించవచ్చు.

ఫోను, ప్రింటరు ఒకే వైఫైపై ఉన్నాయో లేదో కూడా చూసుకోవాలి. ఫోను సొంత డేటాపై ఉన్నా, అతిథుల కోసం పెట్టిన ‘గెస్ట్’ వైఫైపై ఉన్నా సాధారణంగా ప్రింటరు దొరకదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ నడుస్తున్నా ఇదే ఇబ్బంది రావచ్చు.

వైరుతో పరీక్ష

ఏదీ ఫలించకపోతే యూఎస్‌బీ వైరు తగిలించి చూడాలి. కాగితం వచ్చిందంటే యంత్రం క్షేమం, తప్పు నెట్‌వర్కుదే. అత్యవసర పనీ గట్టెక్కుతుంది. వైరుతోనూ రాకపోతే అప్పుడు మెకానిక్కుకు చూపించాలి.

ఒక్క జాగ్రత్త. కస్టమర్ కేర్ అంటూ ఇంటర్నెట్‌లో కనిపించే నంబర్లన్నీ అసలువి కావు. ప్రింటరు బాగుచేస్తామంటూ కంప్యూటరును తమ చేతిలోకి తీసుకుని ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్లున్నారు. ప్రింటరుతో వచ్చిన పుస్తకంలోని నంబరునే నమ్మాలి. ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.