బోల్టు విప్పని తనిఖీ

బెజవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ని. అక్కడ అనుమానం వస్తే ముందు చక్రం ఊడదీస్తాం, తరవాతే మాట. ఇంగ్లండ్ వచ్చి లెస్టర్‌లో ఎంఓటీ అనే బళ్ల ఫిట్‌నెస్ పరీక్షకు టెస్టర్ అయ్యాక మింగుడుపడని మొదటి రూలు ఏమిటంటే, దేన్నీ విప్పకూడదు. బండి అడుగున ప్లాస్టిక్ షీటు బిగించి ఉంటే, దాని వెనక ఏముందో నాకు అనవసరం. ఇంజను ఎంత అరిగింది, క్లచ్చి ఎన్నాళ్లొస్తుంది అన్నవి పరీక్షలోనే లేవు. పాసయిన కారు మర్నాడే క్లచ్చి పోయి ఆగిపోవచ్చు. నన్ను తిట్టుకుని లాభం లేదు.

ఇక్కడ కారుకు మూడేళ్లు నిండితే ఏటా ఈ పరీక్ష తప్పదు. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బళ్లకే ఉండేది. బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ చూసి పంపేసేవారు. మనవైపు సొంత కారుకు పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ ఊసే ఉండదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడేది లారీలూ ఆటోలే.

కొలత ఉన్నచోట నా పని తేలిక. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే పోయినట్టే. డ్రైవరు కళ్లెదుట అద్దంలో 290 మిల్లీమీటర్ల పట్టీ ఉంటుంది, అందులో పగులు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. వైపర్ తుడిచే మిగతా మేరలో 40 దాకా పర్వాలేదు. బ్రేకులకు రోలర్లున్నాయి. 2010 సెప్టెంబరు నుంచి రోడ్డెక్కిన కార్లకు బ్రేకు పట్టు బండి బరువులో 58 శాతం, హ్యాండ్ బ్రేకుకు 16 శాతం ఉండాలి. ఒకే ఇరుసు మీద ఎడమ కుడి చక్రాల పట్టులో 30 శాతానికి మించి తేడా వచ్చినా ఫెయిలే.

చిక్కల్లా తుప్పుతోనే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది అడుగుభాగాన్ని తినేస్తుంది. తుప్పు కనబడగానే ఫెయిల్ చెయ్యడానికి లేదు. సీటు బెల్టు బిగించిన చోటికో, సస్పెన్షన్ తగిలించిన చోటికో 30 సెంటీమీటర్ల లోపల ఉందా అని చూడాలి. ఉంటే బొటనవేలితో నొక్కుతాను, చిన్న పనిముట్టుతో తడతాను. గట్టి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది, పెళ్లలు రాలతాయి. ఈ రెంటికీ నడుమ పలికే రేకు ఒకటుంటుంది చూశారూ, అక్కడ ఏ పుస్తకమూ నాకు సాయం రాదు.

మొన్న ఒక తెలుగు విద్యార్థి పాత కోర్సా కారు తెచ్చాడు. వెనక ఒక బ్రేక్ లైటు వెలగడం లేదు.

"అన్నా, బల్బే కదా, చూసీ చూడనట్టు వదిలెయ్యవా?"

"పాస్ కొడితే నా పేరు మీదే రికార్డవుతుంది తమ్ముడూ. మారువేషంలో తనిఖీవాళ్లొస్తారు కూడా."

2018 మే నుంచి లోపాలను మూడు తరగతులు చేశారు. ఒక బ్రేక్ లైటు పోతే మేజర్, అంటే ఫెయిల్. అన్నీ పోతే డేంజరస్, బాగుచేసేదాకా బండి నడపకూడదు. మైనర్ అయితే పాసే, కానీ త్వరగా సరిచేయించుకోవాలి. వీటి కింద అడ్వైజరీ అని, ఫెయిల్ చెయ్యని హెచ్చరిక ఒకటి ఉంటుంది. ఆ నడిమి తుప్పు గురించి నేను రాయగలిగేది అక్కడే. జనం పాస్ అన్న మాట చూసుకుని కాయితం మడిచేస్తారు.

పరీక్షించే గ్యారేజీయే రిపేరూ చేస్తుంది కాబట్టి అనుమానం సహజం. కారుకు 54.85 పౌండ్లకు మించి ఫీజు అడగకూడదు. పరీక్ష జరుగుతుంటే నిలబడి చూసే హక్కు మీకుంది, అడగండి. కొన్ని మునిసిపల్ కౌన్సిళ్లు తమ బళ్లకోసం పెట్టుకున్న కేంద్రాల్లో బయటివాళ్ల కార్లనూ పరీక్షిస్తాయి. రిపేర్లు చెయ్యవు కనక లేని లోపం చూపించి వాటికి వచ్చేదేమీ లేదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు బేరానికి ముందే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి చూడాలి. పైసా ఖర్చు లేదు. ఏ ఏడు ఎన్ని మైళ్లున్నాయో, ఎందుకు ఫెయిలయిందో అంతా ఉంటుంది. మైళ్లు వెనక్కి తగ్గి కనిపిస్తే వచ్చిన దారినే వెళ్లిపోండి. తుప్పు మీద అడ్వైజరీ వరసగా రెండుమూడేళ్లు కనిపిస్తే, వెల్డింగ్ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.