ఫోటో రంగు మారితే లోపం ఎక్కడ?

ఆదిలాబాద్: పెళ్లి ఆల్బమ్ ఇంటికి వచ్చింది. విప్పి చూస్తే పెళ్లికొడుకు తెల్ల పంచె పచ్చగా ఉంది. పెళ్లికూతురు ముఖానికీ అదే పచ్చదనం. ఫోటోగ్రాఫర్‌ను అడిగితే లేబ్ వారిదే తప్పంటాడు. లేబ్‌కు వెళితే కెమెరా సరిగా లేదంటారు. పెళ్లిళ్ల రోజుల్లో ఇలాంటి తగవులు కొత్తేమీ కాదు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో ఆ ఫోటోలోనే రాసి ఉంటుంది. అది చదవడం తెలిస్తే సగం తగవు అక్కడికక్కడే తీరుతుంది.

కలర్ లేబ్ యంత్రంలో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది చీకటి గది వంటిది. అక్కడ కాగితంపై వెలుగు పడి బొమ్మ అచ్చవుతుంది. అయితే అది కంటికి కనిపించదు. రెండో భాగంలో రసాయనాల తొట్లు ఉంటాయి. కాగితం ముందు డెవలపర్‌లో 45 సెకన్లు, తర్వాత బ్లీచ్ ఫిక్స్‌లో 45 సెకన్లు, ఆ పైన స్టెబిలైజర్‌లో 90 సెకన్లు మునిగి, ఆరి బయటపడుతుంది. ఎక్కువ యంత్రాల్లో లెక్క దాదాపు ఇదే. 1970 దశకం చివర్లో జపాన్ కంపెనీ నోరిట్సు ఈ పనంతా ఒకే గదిలో, గంటలోపు పూర్తయ్యేలా చిన్న యంత్రాలను తెచ్చింది. అంతకు ముందు రోలు పెద్ద పట్టణానికి వెళ్లి రావలసి వచ్చేది.

కాబట్టి మెకానిక్ ముందుగా తేల్చుకోవలసింది లోపం వెలుగులోనా, రసాయనంలోనా అన్నది. దీనికి రెండు కాగితాలు చాలు. వెలుగు తగలని కాగితం ఒకటి నేరుగా రసాయనాల్లోకి పంపాలి. అది మల్లెపువ్వులా తెల్లగా రావాలి. రెండోది గది వెలుగులో కాసేపు ఉంచి పంపాలి. అది కాటుకలా నల్లగా రావాలి. తెల్లది మసకగా, పసుపుగా వస్తే రసాయనాన్నయినా, కాగితాన్నయినా అనుమానించాలి. కొత్త పెట్టెలోని కాగితం పంపి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది. నల్లది వెలిసినట్టు వస్తే డెవలపర్ బలం తగ్గింది. రెండూ సరిగా వచ్చి బొమ్మ మాత్రమే తేడాగా ఉంటే, అప్పుడు వెలుగు వైపు చూడాలి. రెండు కాగితాల ఖర్చుతో తేలే విషయానికి యంత్రమంతా విప్పుకు కూర్చునేవారూ ఉన్నారు.

వెలుగు వైపు లోపమైతే ఒక తిరకాసు ఉంది. ఫోటో పచ్చబడితే పచ్చ వెలుగు ఎక్కువైందని ఎవరైనా అనుకుంటారు. నిజానికి అది తక్కువైంది. కలర్ కాగితం నెగటివ్ పద్ధతిలో పనిచేస్తుంది. పచ్చ వెలుగు పడిన చోట దానికి ఎదురు రంగు, అంటే లేత గులాబీ వంటి మెజెంటా తేలుతుంది. పచ్చ వెలుగు తగ్గితే ఆ మెజెంటా తగ్గి బొమ్మ పచ్చగా కనిపిస్తుంది. అలాగే ఎర్ర వెలుగు తగ్గితే ఎరుపు, నీలి వెలుగు తగ్గితే నీలం మిగులుతాయి. లేజర్ యంత్రాల్లో ఈ మూడు వెలుగులకు మూడు లేజర్లు ఉంటాయి. ఏ రంగు మీద పడి ఏడుస్తున్నామో ఆ లేజర్ దారినే ముందుగా చూడాలి. పాత యంత్రాల్లో బల్బు, రంగు అద్దాలు ఆ పని చేసేవి.

గీతలు, మచ్చల సంగతి వేరు. బండి చక్రంలో రాయి ఇరుక్కుంటే ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటుంది. రోలరూ అంతే. ఫోటోలో ఒకే మచ్చ ప్రతి 10 సెంటీమీటర్లకు వస్తుంటే, ఆ దూరాన్ని 3.14తో భాగించాలి. సుమారు 3.2 సెంటీమీటర్ల వ్యాసం వస్తుంది. ఆ కొలత ఉన్న రోలర్లను తుడిచి చూస్తే చాలు. మచ్చ ఒక్క ఫోటోలోనే ఉంటే నెగటివ్ మీది దుమ్ము కావచ్చు. కాగితం నడిచే దిక్కున పొడవునా ఒకే గీత సాగితే, వెలుగు దారిలో ఏదైనా అడ్డు పడి ఉండాలి, లేదా దారిలో ఏదో కాగితాన్ని గీకుతూ ఉండాలి. ఉదయం వేసిన మొదటి ఫోటోలకే గీతలు పడుతున్నాయంటే, రాత్రి రోలర్లపై ఎండి గట్టిపడిన బ్లీచ్ ఫిక్స్ పొడి దానికి కారణం కావచ్చు. సాయంత్రం రోలర్లు కడిగి పడుకుంటే ఈ బాధ ఉండదు. ఆ కడిగేటప్పుడూ జాగ్రత్త కావాలి. బ్లీచ్ ఫిక్స్ చుక్కలు డెవలపర్ తొట్టిలో పడితే ఆ తొట్టి మొత్తం పాడవుతుంది.

ఆదిలాబాద్ వాతావరణం కూడా లేబ్‌లను పరీక్షిస్తుంది. డెవలపర్ సుమారు 35 నుంచి 38 డిగ్రీల మధ్య, యంత్రానికి నిర్ణయించిన వేడిలో నిలకడగా ఉండాలి. అర డిగ్రీ తేడా వచ్చినా రంగులు జరుగుతాయి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇక్కడ చలి 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలే. పొద్దున్నే తొట్టి వేడెక్కకుండానే తొందరపడి ఫోటోలు వేస్తే అవి పాలిపోయి వస్తాయి. కరెంటు పోయి కాగితం డెవలపర్‌లోనే ఆగిపోతే ఆ ముక్క మాడినట్టు నల్లబడుతుంది. ఇక ఆషాఢం వంటి పెళ్లిళ్లు లేని నెలల్లో ఇంకో చిక్కు. ఫోటోలు వేసేకొద్దీ కొత్త రసాయనం తొట్టిలో చేరుతుంది. పని లేకపోతే అదీ చేరదు. గాలి తగిలి పాత డెవలపర్ నల్లబడి నీరసిస్తుంది. శ్రావణంలో మొదటి పెళ్లివారి ఫోటోలకు దెబ్బ తగులుతుంది. అందుకే బాధ్యత గల లేబ్‌లు కంపెనీ ఇచ్చే కంట్రోల్ స్ట్రిప్ పట్టీని రోజూ యంత్రంలో పంపి, రంగుల సాంద్రతను కొలిచి రాసుకునేవి.

ఇదంతా లేబ్ వారి గొడవే అనుకోవడానికి లేదు. కొన్ని లోపాలు ఆ రోజు కంటికి కనిపించవు. బ్లీచ్ ఫిక్స్ బలహీనమైతే కాగితంలో వెండి మిగిలి రంగులు మట్టిబారుతాయి. ఫోటో పక్కన మంచి ఫోటో పెట్టి చూస్తే తప్ప అది తెలియదు. చివరి తొట్టి మురికిదైతే కొన్నేళ్ల తర్వాత ఫోటో పసుపెక్కుతుంది. బాసరలో పిల్లవాడికి అక్షరాభ్యాసం చేయించిన నాటి ఫోటో, పోయిన తాతయ్యది మిగిలిన ఒకే ఒక్క ఫోటో ఇలాగే చెడుతుంటాయి. 1940 దశకంలో మార్లవాయిలో ఉండి గోండుల జీవితాన్ని రాసిన హైమన్‌డార్ఫ్ ఫోటోలు నలుపు తెలుపువి. నలుపు తెలుపు బొమ్మ వెండితో నిలుస్తుంది. కలర్ ఫోటో వెలిసే రంగులతో నిలబడాలి.

నెగటివ్ గానీ, ఫైలు గానీ ఇంట్లో ఉంటే చెడిన ఫోటో పోయినట్టు కాదు. నెగటివ్‌ను కిటికీ వెలుగుకు పట్టుకుని చూడాలి. అందులో మచ్చ లేకపోతే లోపం ప్రింటుదే. డిజిటల్ ఫైలైతే అదే బొమ్మను మరో లేబ్‌లో చిన్న సైజులో వేయిస్తే తేలిపోతుంది. అక్కడా పచ్చగానే వస్తే కెమెరాను అడగాలి, తెల్లగా వస్తే మొదటి లేబ్‌ను అడగాలి. ఆల్బమ్ మొత్తం వేయించే ముందు ఒక్క నమూనా ఫోటో తెప్పించుకుని, ట్యూబ్‌లైట్ కింద కాక పగటి వెలుగులో చూసి సరేననడం మేలు.

ఇప్పుడు చాలాచోట్ల రసాయనాల తొట్లు పోయి సిరా చల్లే యంత్రాలు వచ్చాయి. వాటిలో అడ్డగీతలు కనిపిస్తే ముందుగా సన్న రంధ్రాలు మూసుకుపోయాయేమో చూస్తారు. నాజిల్ చెక్ అనే నమూనా కాగితం తీస్తే ఏ రంగు గీత తెగిందో అక్కడే కనబడుతుంది.