పల్లె గడపలో వైద్య పాఠము

వైద్య కళాశాలలో శరీరమును గూర్చి నేర్పుదురు. ఆ శరీరము త్రాగే నీరు ఎక్కడిదో, కూలి దొరకని నాడు ఏమి తినునో పల్లెలోనే తెలియును.

1918లో డాక్టర్ ఐడా స్కడ్డర్ దొరసానిగారు స్త్రీల కొరకు వెల్లూరులో ప్రారంభించిన వైద్య పాఠశాలే నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజి. అక్కడ వైద్య, నర్సింగు విద్యార్థులు తొలినాళ్లలోనే కలిసి ఒక పల్లెలో బస చేసి ఇంటింటికి వెళ్లుదురు. బిడ్డ విరేచనములకు మందొక్కటే చాలదనియు, బావి, మరుగుదొడ్డి, తల్లి చదువు, తండ్రి కూలి కూడ చూడవలెననియు అక్కడ గ్రహింతురు.

2022లో జాతీయ వైద్య కమిషన్ దేశమంతటికి మరియొక ఏర్పాటు చేసినది. ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి ఏటినుండే కొన్ని పల్లె కుటుంబములను "దత్తత" తీసుకొనవలెను. (మీసము రాని పిల్లవాడు మన తాతలను దత్తత తీసుకొనుటేమో! మాట సంగతి అటుంచుదము.)

అట్టివారు మన గడపకు వచ్చి, బి.పి. చూచి, కాగితము నింపుకొని పోయినచో వారికి మార్కులు వచ్చును, మనకేమి మిగులును? కనుక కూర్చుండబెట్టి మాటలాడుదము. బోరు నీరు ఉప్పగా ఉన్నదనియు, డబ్బు లేక షుగరు మాత్రలు మానితిమనియు దాచక చెప్పుదము. "బాబూ, పోయినసారి పరీక్షలో ఏమి తేలినది? ఏ ఆసుపత్రికి పోవలెను? మరల ఎప్పుడు వచ్చెదవు?" అని అడుగుదము.