డాక్టరేటు తరువాత ఏమిటి?

ఉగాది సమావేశాలలో పెద్దలు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: “మా అమ్మాయికి డాక్టరేటు వచ్చింది కదా! ఇంకా ఈ పోస్ట్‌డాక్ ఏమిటి? చదువా, ఉద్యోగమా?” నిజానికి ఇందులో రెండూ ఉన్నాయి. జీతం ఉంటుంది, స్థిరత్వం ఉండదు. స్వతంత్ర పరిశోధకురాలిగా నిలబడుటకు ముందు, అనుభవజ్ఞుల ప్రయోగశాలలో సాధారణంగా రెండు మూడేళ్ళు గడిపే దశ ఇది.

బ్రిటన్‌లో జీవశాస్త్రాలకు సంబంధించి ఈ అవకాశాలు ముఖ్యంగా రెండు విధాలు. మొదటిది గ్రాంటు ఉద్యోగం. మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, వెల్‌కమ్ ట్రస్టు వంటి సంస్థలు ప్రొఫెసరుకు మంజూరు చేసే నిధులలో సహాయ పరిశోధకుల జీతం చేరి ఉంటుంది. విశ్వవిద్యాలయం ప్రకటన వెలువరిస్తుంది. పరిశోధనాంశం ప్రొఫెసరుది, గ్రాంటు ముగిసిన నాడు సాధారణంగా ఉద్యోగమూ ముగుస్తుంది. రెండవది ఫెలోషిప్. ఇందులో పరిశోధనాంశం అభ్యర్థిదే. 2008లో ప్రారంభమైన న్యూటన్ ఇంటర్నేషనల్ ఫెలోషిప్ ఇటువంటిది. అయితే ఆతిథ్యమిచ్చే ప్రయోగశాల ముందుగా సమ్మతించాలి.

కనుక ఏ మార్గంలోనైనా ఒక శాస్త్రవేత్తను మెప్పించక తప్పదు. ఇక్కడే మన విద్యార్థులు పొరబడుతుంటారు. నేనూ పొరబడ్డాను. డాక్టరేటు చివరి సంవత్సరంలో అరవై లేఖలు వ్రాశాను. పేరు తప్ప మిగిలినదంతా ఒకటే. ఒక్కరూ జవాబివ్వలేదు. తరువాత ఒక ప్రొఫెసరు ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివి, వారి ఎంజైము ఒక ద్రావణిలో ఎందుకు పనిచేయలేదో నాకు తోచిన కారణమూ, దానిని పరీక్షించే ప్రయోగమూ ఒకే పుటలో వ్రాసి పంపాను. వారంలో జవాబు వచ్చింది. నా ఊహ తప్పని తరువాత తేలింది. ఉద్యోగం మాత్రం దొరికింది!

సొంత ప్రశ్న ఎంత దూరం తీసుకొనిపోగలదో తెలుపుటకు లాల్‌జీ సింగ్ గారి జీవితమే నిదర్శనం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై డాక్టరేటు పొందిన ఆయన, 1974లో కామన్వెల్త్ ఫెలోషిప్‌పై ఎడిన్‌బరో వచ్చి, అదే అంశాన్ని కొనసాగించారు. అక్కడ ఒక జాతి కట్లపాము నుండి వేరుచేసిన డి.ఎన్.ఎ. భాగమే, 1987లో ఆయన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో చేరిన పిమ్మట, మన దేశంలో డి.ఎన్.ఎ. ఫింగర్ ప్రింటింగ్‌కు ఆధారమైనది.

ఉద్యోగం ఇస్తామన్నంత మాత్రాన వెంటనే ఒప్పుకొనరాదు. గ్రాంటు కాలం ఎంత మిగిలి ఉన్నది? అక్కడ పనిచేసిన పూర్వ పరిశోధకులు ఇప్పుడెక్కడున్నారు? సొంతంగా వ్యాసాలు ప్రచురించారా? ఈ మూడూ విచారించాలి. భారతదేశం నుండి వచ్చినవారికి వీసా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంటే, గ్రాంటు ముగింపు కుటుంబమంతటి సమస్య అవుతుంది. గడువుకు కనీసం ఏడాది ముందే తరువాతి ప్రయత్నం ఆరంభించుట క్షేమం. తిరిగి వెళ్ళదలచిన వారికీ దారి ఉన్నది: భారతదేశంలో పరిశోధనకు ఫెలోషిప్‌లు ఇచ్చే ఇండియా అలయెన్స్ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది.

తల్లిదండ్రులకు ఒక మనవి. “ఎప్పుడు స్థిరపడతావు?” అని అడుగుటకు ముందు, “ఏ విషయం తెలుసుకొనడానికి ప్రయత్నిస్తున్నావు?” అని ఒకసారి అడగండి. ఇంట్లో తెలుగులో దానికి సమాధానం చెప్పగలిగిన బిడ్డ, ప్రొఫెసరుకూ చక్కని లేఖ వ్రాయగలదు.