ఫోటోలో మొటిమ తీసేయొచ్చు, మరి పుట్టుమచ్చ?

ఈ ఎపిసోడ్ ఒక సిస్టర్ పెట్టిన మెసేజ్ వల్ల చేస్తున్నా. "అన్నా, సంబంధం వాళ్లకి ఫోటో పంపాలి. మొటిమలున్నాయి, గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. అన్నీ తీసేసి, కొంచెం తెల్లగా చేయించమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయను?" అని అడిగింది.

ముందు టెక్నికల్ సంగతి చూద్దాం. బ్యూటీ ఫిల్టర్ ముఖ్యంగా చేసే పని స్మూతింగ్. అంటే పక్కపక్కనున్న పిక్సెల్స్ రంగుల్ని కలిపి సగటు తీస్తుంది. మచ్చతో పాటు చర్మం మీది సన్న రంధ్రాలు, గీతలు కూడా పోతాయి. అందుకే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది.

హీలింగ్ టూల్ పద్ధతి వేరు. ఫోటోషాప్‌లో 2002లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచీ హీలింగ్ బ్రష్ ఉంది. ఇప్పుడు స్నాప్‌సీడ్ యాప్‌లో అలాంటి టూల్ ఫ్రీగా దొరుకుతోంది. మీరు ముట్టుకున్న చోటే పనిచేస్తుంది. పక్కనున్న మంచి చర్మం టెక్స్చర్ తెచ్చి, మచ్చ చుట్టూ ఉన్న రంగుకీ వెలుగుకీ కలిసిపోయేలా అతికిస్తుంది.

వాడేటప్పుడు బాగా జూమ్ చేయండి. చిన్న మొటిమకి ఒక్క ట్యాప్ చాలు. పెద్దదైతే అంచు నుంచి లోపలికి కొంచెం కొంచెంగా వెళ్లండి. జుట్టు, పెదవి అంచుల దగ్గర జాగ్రత్త, అక్కడి రంగు చర్మం మీదకి వచ్చేస్తుంది. మధ్యమధ్యలో జూమ్ తగ్గించి ముఖం మొత్తం చూసుకోండి.

మరి ఏది తీయాలి, ఏది ఉంచాలి? నా లెక్క సింపుల్. రెండు వారాల్లో దానంతట అదే తగ్గిపోయేదైతే తీసేయొచ్చు. పుట్టుమచ్చ, పాత దెబ్బ గుర్తు ఉంచేయాలి. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఐడెంటిఫికేషన్ మార్క్స్ కింద రాసేది వాటినే కదా! అమెరికా వీసా ఫోటోకైతే ఈ లెక్క కూడా కుదరదు. రూపం మారేలా ఎడిట్ చేసిన ఫోటో ఒప్పుకోరు, మొటిమ ఉన్నా అలాగే ఇవ్వాలి.

ఇక సిస్టర్, నీ సంగతి. మొటిమలు తీసెయ్, పుట్టుమచ్చ ఉంచు, రంగు జోలికి మాత్రం వెళ్లకు. ఫోటో చూసి సరేనన్నవాళ్లు రేపు ఇంటికొచ్చి నిన్నే చూస్తారు. అప్పుడు తేడా కనిపిస్తే మాట పడేది నువ్వే. రంగు చూసి వద్దనుకునే సంబంధం ఫోటో దగ్గరే ఆగిపోతే నయం కదా. ఇంట్లో వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఈ వీడియో ఇంకోసారి చూడు.