రైడింగ్ జాకెట్ కొంటున్నారా? ముందు లోపలి లేబుల్ చదవండి

ఫోన్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్లన్నీ జల్లెడ పడతాం. ప్రాసెసర్ ఏంటి, ఐపీ రేటింగ్ ఎంత, బాక్సులో ఛార్జర్ ఉందా? రైడింగ్ జాకెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం 'లుక్ అదిరింది' అనుకుని కార్ట్‌లో వేసేస్తాం.

నేను రోజూ ఫలక్‌నుమా నుంచి షా అలీ బండ, మదీనా, నయాపూల్ మీదుగా గచ్చిబౌలి వెళ్తాను. పాతబస్తీలో ఆటోల మధ్య నత్తనడక. మెహిదీపట్నం దాటాక అదే బండి అరవై మీద పరిగెడుతుంది. ఎండలో ఉడికించకూడదు, కిందపడితే చర్మం కాపాడాలి. ఈ రెండూ చూసుకునే గేర్ ఎంచుకోవాలి.

హెల్మెట్: ఇందులో రాజీ లేదు

2021 జూన్ 1 నుంచి మన దేశంలో టూవీలర్ హెల్మెట్‌కి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. ప్రమాణం ఐఎస్ 4151. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ ఉండాల్సిందే. లేకపోతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194డి కింద రూ.1000 ఫైన్, మూడు నెలలు లైసెన్స్ రద్దు.

షాపులో ఇలా టెస్ట్ చేయండి. స్ట్రాప్ బిగించి, హెల్మెట్ వెనక అంచు పట్టుకుని ముందుకు తోయండి. ఊడొచ్చిందా, ఆ సైజు మీది కాదు. సెకండ్ హ్యాండ్ అస్సలు వద్దు. లోపలున్న థర్మాకోల్ లాంటి పొర ఒక్కసారి దెబ్బ తింటే నలిగిపోతుంది. పైకి మాత్రం కొత్తదానిలాగే మెరుస్తుంది.

జాకెట్: 'సీఈ' అంటే దేనికి?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 'సీఈ ఆర్మర్' అని ఉంటే సర్టిఫికేషన్ లోపలి ప్యాడ్లకే. బట్ట రోడ్డు రాపిడిని తట్టుకుంటుందో లేదో అది చెప్పదు. కెమెరాకి మంచి సెన్సర్ ఉందని ఫోన్ వాటర్‌ప్రూఫ్ అనుకోం కదా!

మొత్తం జాకెట్‌కి ఉండే ప్రమాణం ఈఎన్ 17092. ట్రిపుల్ ఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత డబుల్ ఏ, ఆపైన ఏ. బీ క్లాస్‌లో బట్ట రాపిడికి ఆగుతుంది కానీ ప్యాడ్లు ఉండవు. సీ అంటే ప్యాడ్లే, రాపిడి రక్షణ లేదు.

భుజం, మోచేతి ప్యాడ్లకి ఈఎన్ 1621-1 ఉంటుంది. టెస్టులో లెవెల్ 1 సగటున 35 కిలోన్యూటన్ల వరకు బలాన్ని లోపలికి వదలొచ్చు, లెవెల్ 2 అయితే 20 మాత్రమే. చాలా జాకెట్లలో వీపు దగ్గర వచ్చేది మామూలు ఫోమ్ ముక్క. దాని బదులు ఈఎన్ 1621-2 ఉన్న ప్యాడ్ విడిగా కొని పెట్టుకోండి.

ఎండ సంగతి

మే నెలలో ట్రిపుల్ ఏ లెదర్ వేసుకుని మదీనా సిగ్నల్ దగ్గర నిలబడితే పది నిమిషాల్లో విప్పేస్తారు. ఇంట్లో గోడకి వేలాడే జాకెట్ ఎవర్నీ కాపాడదు. అందుకే సిటీకి నా ఛాయిస్ ఏ క్లాస్ మెష్, లెవెల్ 2 ప్యాడ్లతో. హైవే రైడ్లు ఎక్కువైతే డబుల్ ఏ చూడండి. బండి మీద కూర్చునే పోజులో చేతులు చాపి ట్రై చేయండి. ప్యాడ్ మోచేతి మీదే ఉండాలి, పక్కకి తిరగకూడదు.

బడ్జెట్ తక్కువా?

ముందు హెల్మెట్, తర్వాత గ్లవ్స్, ఆ తర్వాత జాకెట్, చీలమండ కప్పే బూట్లు. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు కాబట్టి గ్లవ్స్‌కి రెండో స్థానం. వాటి మీద ఈఎన్ 13594 ఉందేమో చూడండి.

ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేముందు సెల్లర్‌ని ఒక్కటే అడగండి: "లోపలి లేబుల్ ఫొటో పంపుతారా?" పంపకపోతే ఆ డబ్బు జేబులోనే ఉంచుకోండి.